ఏది 60 డిగ్రీలు?

ల్యాబ్ నోట్‌బుక్‌లో కుర్రాళ్ళు "60 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు" అని రాస్తే నేను మొదట అడిగేది ఒక్కటే: ఏది 60? ఫ్లాస్కును ముంచే బాత్‌లో నూనెనా, ఫ్లాస్కులో సరుకా? జీడిమెట్ల మందుల కంపెనీల్లో తల నెరిసినవాణ్ణి. ల్యాబ్‌కూ ప్లాంటుకూ వచ్చే తగాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

ఈ తికమక పాతది. 17వ శతాబ్దం మొదట్లో లండన్‌లో ఉన్న డచ్చివాడు కోర్నేలిస్ డ్రెబెల్ గుడ్లు పొదిగే పెట్టె ఒకటి తయారుచేశాడు. రెండు గోడల పెట్టె, గోడల మధ్య నీళ్ళు, కింద నిప్పు. ఆ నీళ్ళలో ఆల్కహాలు నింపిన గాజుబుడ్డి. వేడికి ఆల్కహాలు ఉబ్బి పాదరసాన్ని నెడితే, దాంతోపాటు కడ్డీ కదిలి పొగగొట్టం మూత మూస్తుంది, మంట తగ్గుతుంది. గొప్ప ఊహ. కానీ అది కొలిచింది నీళ్ళ వేడిని, గుడ్డు వేడిని కాదు. గుడ్డుకు తొందర లేదు గనక చెల్లిపోయింది.

1887లో లైప్‌జిగ్‌లో ఆచార్యుడైన విల్‌హెల్మ్ ఆస్ట్వాల్డ్ కూడా తొట్టి నీళ్ళ వేడినే కొలిచాడు. రసాయన చర్యల వేగం లెక్కగట్టాలంటే నిలకడైన వేడి కావాలి. ఆయన తొట్టిలో ద్రవం నింపిన గాజుగొట్టం నీళ్ళలో ఉండి, వేడెక్కితే పాదరసంతో మంటకు వెళ్ళే గ్యాస్ దారిని ఇరుకు చేసేది. మంట మీంచి లేచే వేడిగాలికి తిరిగే రేకుల చక్రమే నీళ్ళను కలిపేది! చిన్న సీసాలు, పల్చని ద్రావణాలు. కాసేపటికి సీసా లోపలా బయటా ఒకటే వేడి. ఆయనకు మన ఇబ్బంది లేదు.

మాకు ఉంది. ఫ్లాస్కు పెద్దదై, లోపల చిక్కటి సరుకు ఉంటే, నూనె 60 చూపుతున్నా సరుకు నాలుగైదు డిగ్రీలు వెనకే ఉంటుంది. చర్య వేడిని పుట్టించేదైతే కథ తిరగబడుతుంది, సరుకే నూనెను దాటిపోతుంది. నేను పనిలో చేరేనాటికి మా దగ్గర ఉన్నది కాంటాక్ట్ థర్మామీటరు. పాదరసం పైకెక్కి సన్నని తీగను తాకితే రిలే పడి హీటరు ఆగేది. అది పగిలితే గంధకం పొడి చల్లి నేలమీద పాదరసం పూసలు ఏరడం మా వంతు. అంత లావు గాజు సామానును చిన్న ఫ్లాస్కు మెడలో దూర్చడం కుదరక నూనెలోనే వేలాడదీసేవాళ్ళం.

దారి చూపింది ప్లాటినం. 1871లో విలియం సీమెన్స్ దాని విద్యుత్ నిరోధంతో వేడి కొలవాలన్నాడు. ఆయన సాధనం కొలతలు నిలకడగా లేక చెడ్డపేరు వచ్చింది. 1887లో కేంబ్రిడ్జిలో హ్యూ క్యాలెండర్ తీగను శుభ్రంగా, ఒత్తిడి లేకుండా చుడితే నమ్మవచ్చని నిరూపించాడు. ఇవాళ్టి పీటీ-100 ఆ వంశానిదే: 0 డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 దగ్గర 138.5. సన్నని స్టీలు గొట్టంలో ఇమిడి నేరుగా సరుకులోకి దిగుతుంది.

అయితే ఈ పీటీ-100 ప్రోబ్‌ను ఫ్లాస్కులో పెట్టినంత మాత్రాన పని అయిపోదు. పొయ్యి కట్టేశాక కూడా పాలు పొంగినట్టు, హీటరు ఆగినా నూనెలో దాచుకున్న వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. అందుకే నూనెను వేడిచేసి తిప్పే మంచి సర్క్యులేటర్లలో రెండు కంట్రోళ్ళు ఒకదాని కింద ఒకటి పనిచేస్తాయి. సరుకు ప్రోబ్ చూసి నూనె ఎంత ఉండాలో ఒకటి నిర్ణయిస్తుంది, ఆ అంకె దగ్గర నూనెను రెండోది నిలబెడుతుంది. దీన్నే క్యాస్కేడ్ అంటారు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. ప్రోబ్ ఫ్లాస్కులోంచి జారి గాలిలో వేలాడితే, కంట్రోలరుకు సరుకు ఇంకా చల్లగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నూనె పొగ కక్కేదాకా కాచేస్తుంది. కాబట్టి ప్రోబ్‌ను క్లాంపుతో బిగించండి, కొన సరుకులో మునిగిందో లేదో చూడండి, నూనెకు పైహద్దు విడిగా పెట్టండి. నోట్‌బుక్‌లో నూనెదీ, సరుకుదీ రెండు అంకెలూ రాయండి.