ఎలుగుబంటి మెడలో టై: యోగి బేర్ పుట్టుపూర్వోత్తరాలు

1958లో అమెరికా టెలివిజన్‌లో తొలిసారి కనిపించి, మూడేళ్లు తిరగకముందే తన పేరిట వేరొక కార్యక్రమాన్ని సంపాదించుకున్న యోగి బేర్ అనే కార్టూన్ ఎలుగుబంటికి ఒంటిమీద చొక్కా లేకపోయినా, తలపై టోపీ, మెడచుట్టూ తెల్లని కాలరు, ఆ కాలరుకు వేలాడే ఆకుపచ్చ టై మాత్రం ఎప్పుడూ ఉంటాయి. పైకి ఇది నవ్వు పుట్టించడానికి చేసిన అలంకారంగానే తోస్తుంది గానీ, ఆ కాలరు అసలు పని వేరు: అది తలను మొండెం నుంచి విడదీసే గీత. మాట్లాడేటప్పుడు తల మాత్రమే కదిలి, మొండెం నిశ్చలంగా ఉండిపోయినా, రెండింటి మధ్య అతుకు కాలరు చాటున దాగిపోతుంది కనుక, ఒకసారి గీసిన మొండాన్ని అలాగే ఉంచి తలను మాత్రం మళ్లీ మళ్లీ గీసుకుంటే సరిపోతుంది. ఆ రోజుల్లో టెలివిజన్ కోసం తయారైన జంతువుల కార్టూన్లలో ఎన్నో పాత్రల మెడలకు కాలరో, టైయో, పట్టీయో తప్పనిసరి కావడానికి కారణం ఇదే.

ఈ పొదుపు ఎందుకు అవసరమైందో తెలియాలంటే, ఈ పాత్రను సృష్టించిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా అంతకుముందు చేసిన పనిని చూడాలి. హన్నా 1910లో న్యూమెక్సికో రాష్ట్రంలోని మెల్‌రోజ్‌లో, బార్బెరా 1911లో న్యూయార్క్‌లో పుట్టారు. ఎం.జి.ఎం. చిత్రసంస్థ కార్టూన్ విభాగంలో వీరు జతకట్టి 1940లో తీసిన పిల్లీ ఎలుకల చిత్రమే తర్వాత టామ్ అండ్ జెర్రీగా లోకప్రసిద్ధమైంది. కథనూ చమత్కారాలనూ వేగంగా బొమ్మల్లో పెట్టడం బార్బెరా నేర్పు కాగా, ఏ దెబ్బ ఎన్ని ఫ్రేముల తర్వాత పడాలో, ఎంతసేపు ఆగితే నవ్వు పండుతుందో లెక్కకట్టడం హన్నా ప్రతిభ. 1957 వరకు వీరిద్దరూ ఈ జంతువులతో 114 లఘుచిత్రాలు తీయగా, వాటిలో ఏడింటికి ఆస్కార్ పురస్కారాలు వచ్చాయి. ఆ చిత్రాల్లో మాటలు దాదాపు లేవు. కదలికా సంగీతమూ కలిసి మొత్తం కథను నడిపించేవి.

అటువంటి కదలిక చౌకగా వచ్చేది కాదు. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది కనుక ఏడు నిమిషాల చిత్రానికి 10,080 ఫ్రేములు కావాలి. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములపాటు నిలిపినా, ఎడతెగక కదిలే ఒక్క పాత్రకే అయిదు వేలకు పైగా బొమ్మలు గీయాలి. వాటిని మళ్లీ పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకులపైకి ఎక్కించి, వెనుకవైపు రంగులు పూసి, నేపథ్యచిత్రంపై పరిచి, ఒక్కొక్క ఫ్రేమునే కెమెరాలో బంధించాలి. ‘సెల్’ అని పిలిచే ఈ రేకుల పద్ధతికి అమెరికాలో ఎర్ల్ హర్డ్ 1914లోనే పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అప్పటినుంచి కార్టూన్ పరిశ్రమ అంతా ఆ రేకుల మీదే ఆధారపడింది. ఒక్క టామ్ అండ్ జెర్రీ లఘుచిత్రానికి ఎం.జి.ఎం. దాదాపు 40 వేల డాలర్ల వరకు ఖర్చు పెట్టేది. 1950ల నడిమికి టెలివిజన్ వచ్చి సినిమాహాళ్ల ఆదాయానికి గండికొట్టగా, పాత కార్టూన్లనే మళ్లీ విడుదల చేసినా దాదాపు కొత్తవాటికి వచ్చినంత సొమ్ము వస్తున్నదని లెక్కలు చూసుకున్న యాజమాన్యం 1957లో ఆ విభాగాన్నే మూసివేసింది.

అదే ఏడాది జులైలో హన్నా, బార్బెరా స్వంత సంస్థను నెలకొల్పారు. దానికి అండగా నిలిచినవారిలో దర్శకుడు జార్జ్ సిడ్నీ ఒకడు. నటుడు జీన్ కెల్లీ జెర్రీతో కలిసి నాట్యం చేసే ప్రసిద్ధ సన్నివేశం ఉన్న 1945 నాటి ‘యాంకర్స్ అవే’ ఈయన తీసినదే. కొలంబియా పిక్చర్స్‌కు చెందిన టెలివిజన్ శాఖ స్క్రీన్ జెమ్స్ పెట్టుబడికి ముందుకు వచ్చింది గానీ, అయిదు నిమిషాల కార్టూన్‌కు అది ఇవ్వజూపిన మొత్తం మూడు వేల డాలర్ల చుట్టుపక్కల మాత్రమే. ఏనుగును మేపిన చేతులకు మేకమేత అందినట్లయింది. ఆ సొమ్ముతో తయారై 1957 డిసెంబరు 14న ఎన్.బి.సి.లో మొదలైన తొలి ధారావాహిక ‘రఫ్ అండ్ రెడ్డీ’. రఫ్ పిల్లి, రెడ్డీ కుక్క.

తక్కువ బొమ్మలతో కార్టూన్ తీసే పద్ధతిని ‘పరిమిత యానిమేషన్’ అంటారు. దానిని కనిపెట్టిన ఘనత ఈ ఇద్దరిది కాదు. టెలివిజన్ కోసమే తయారైన తొలి కార్టూన్ ధారావాహికగా పేరొందిన ‘క్రూసేడర్ రాబిట్’ను అలెక్స్ ఆండర్సన్, జే వార్డ్ అప్పటికే ఇంకా తక్కువ కదలికతో తీశారు. యు.పి.ఎ. అనే స్టూడియో 1950లో విడుదలై ఆస్కార్ అందుకున్న ‘జెరాల్డ్ మెక్‌బోయింగ్ బోయింగ్’లో చదునైన ఆకారాలనూ క్లుప్తమైన కదలికలనూ ఆధునిక చిత్రకళ నుంచి తెచ్చుకున్న శైలిగా వాడుకున్నది. అక్కడ అది కళాకారుల ఎంపిక, ఇక్కడ ఖజానా విధించిన నియమం. అయితే ఎం.జి.ఎం.లో హన్నా, బార్బెరా అసలు చిత్రానికి ముందు ముఖ్యమైన భంగిమలను మాత్రమే గీసి, వాటిని ఫిల్ముకెక్కించి, కథ నడుస్తున్నదో లేదో చూసుకునే అలవాటు కలవారు. ఆ నమూనా రీళ్లు చూసి కూడా జనం నవ్వేవారన్న అనుభవమే, ఇంత తక్కువ కదలికతో గట్టెక్కగలమన్న ధైర్యాన్ని వారికి ఇచ్చి ఉండాలి.

ఆ పద్ధతి పనిచేసే తీరు తోలుబొమ్మలాట చూసినవారికి వెంటనే అర్థమవుతుంది. తల, చేయి, నోరు, కాళ్లు వేర్వేరు రేకులపై ఉంటాయి. మాట్లాడేటప్పుడు నోటి రేకు, చేయి ఊపేటప్పుడు చేతి రేకు మాత్రమే మారతాయి. నోటికి ఉన్న కొద్దిపాటి ఆకృతులే అన్ని మాటలకూ సరిపోతాయి. నడక ఒకసారి గీసిన కొన్ని బొమ్మల ఆవృత్తి కాగా, పాత్ర పరుగెత్తితే వెనుక అదే చెట్టు, అదే బండ, మళ్లీ అదే చెట్టు తిరిగి వస్తుంటాయి. దెబ్బ తగలడం తెరకు అవతల జరుగుతుంది, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. పాత్రల రూపకర్త ఎడ్ బెనడిక్ట్ ఆనాటి చిన్న తెరపై నలుపు తెలుపుల్లో కూడా స్పష్టంగా తెలిసేలా దట్టమైన అంచుగీతలతో, సరళమైన ఆకారాలతో జంతువులను తీర్చిదిద్దాడు; కార్టూన్లను మాత్రం ముందుచూపుతో రంగుల్లోనే తీశారు.

బొమ్మ ఆగిపోయిన చోట కథను నడిపించవలసిన భారం గొంతుపై పడింది. పదిహేడేళ్లపాటు మాటల్లేని హాస్యాన్ని పండించిన ఇద్దరు మనుషులు, డబ్బు చాలక, వాగుడుకాయ జంతువులను సృష్టించవలసి రావడం ఈ చరిత్రలోని అసలు విశేషం. 1958 సెప్టెంబరు చివర మొదలైన ‘ది హకుల్‌బెరీ హౌండ్ షో’లో ఈ మార్పు పూర్తిగా కనిపిస్తుంది. కార్న్‌ఫ్లేక్స్ తయారీదారు కెలాగ్స్ దీనిని ప్రాయోజితం చేసి, జాతీయ నెట్‌వర్కు ద్వారా కాక ఊరూరి స్థానిక కేంద్రాలలో సమయం కొని ప్రసారం చేయించింది. ఇలా కేంద్రాలకు విడివిడిగా కార్యక్రమాన్ని అందించే పద్ధతినే సిండికేషన్ అంటారు. అరగంటలో మూడు కార్టూన్లు: తొణకని నీలిరంగు కుక్క హకుల్‌బెరీ, పిక్సీ డిక్సీ అనే ఎలుకలతో వేగలేని పిల్లి మిస్టర్ జింక్స్, ఆ రెండింటి పక్కన యోగి. మధ్యలో మనిషి వ్యాఖ్యాత లేకుండా, కార్టూన్ పాత్రలే ఒక అంకానికీ మరొక అంకానికీ వంతెన కట్టేవి. 1960లో ఎమ్మీ పురస్కారం అందుకున్న తొలి కార్టూన్ ధారావాహిక ఇదే.

హకుల్‌బెరీ, యోగి, జింక్స్, డిక్సీ నలుగురికీ గొంతునిచ్చినది డాస్ బట్లర్ అనే ఒక్క కళాకారుడు. పిక్సీకీ, యోగి వెంట ఉండే పిల్ల ఎలుగు బూబూకూ, అటవీ అధికారి రేంజర్ స్మిత్‌కూ డాన్ మెసిక్ మాట్లాడేవాడు. ఒక్కొక్క అంకంలో ఇద్దరే ముగ్గురితో సమానం. హకుల్‌బెరీకి బట్లర్ అమెరికా దక్షిణాది యాసతో నిదానమైన సాగతీత గొంతును ఇచ్చాడు, ఎం.జి.ఎం.లో టెక్స్ ఏవరీ 1953లో తీసిన ఒక చిత్రంలోని తోడేలుకు అతడే దాదాపు అటువంటి గొంతును ఇచ్చి ఉన్నాడు. యోగి మాటతీరు మాత్రం, ‘ది హనీమూనర్స్’ అనే హాస్య ధారావాహికలో ఆర్ట్ కార్నీ పోషించిన మురుగుకాల్వల కార్మికుడు ఎడ్ నార్టన్‌ను తలపిస్తుంది. టోపీ కూడా ఆ వైపు నుంచే వచ్చిందనుకుంటే తప్పులేదు. మామూలు ఎలుగులకన్నా తనకు తెలివి ఎక్కువని చెప్పుకోవడం, పిక్నిక్ అన్న మాటలో అదనంగా ఒక అక్షరాన్ని ఇరికించి పలకడం వంటివి కాగితంపై చూస్తే ఏమంత గొప్పగా తోచవు. చెవికి తగిలినప్పుడే అవి పాత్రకు ప్రాణం పోశాయి. ఏవరీ శిష్యగణంలో ఎదిగిన దర్శకుడు చక్ జోన్స్ ఇటువంటి కార్టూన్లను బొమ్మలు తగిలించిన రేడియో అని ఎద్దేవా చేశాడు. వర్ణన సరైనదే, కాకపోతే రేడియో నాటకం అంత తక్కువ కళ కాదు.

యోగి అన్న పేరు ప్రయాణం ఇంకా విచిత్రమైనది. న్యూయార్క్ యాంకీస్ జట్టులో ఆడిన బేస్‌బాల్ దిగ్గజం యోగి బెర్రా పేరుకు ఇది మరీ దగ్గరగా ఉండటంతో అతనికి కోపం వచ్చింది. సృష్టికర్తలు మాత్రం కాకతాళీయమనే చెప్పుకున్నారు గానీ, ఆ మాటను నమ్మడం కష్టం. బెర్రా అసలు పేరు లారెన్స్. సెయింట్ లూయిస్‌లో కుర్రవాడిగా ఆడుకునే రోజుల్లో, బ్యాటింగు వంతు కోసం అతడు కాళ్లూ చేతులూ మడుచుకుని కూర్చునే తీరు, సినిమాలో చూసిన హిందూ యోగిని గుర్తుచేస్తున్నదని ఒక స్నేహితుడు పెట్టిన ముద్దుపేరు ‘యోగి’. ఆ విధంగా ఇంద్రియనిగ్రహాన్ని సూచించే సంస్కృతపదం ఒక ఆటగాడి మీదుగా ప్రయాణించి, పరాయివారి తినుబండారాల బుట్టలు తప్ప వేరే ధ్యాస లేని ఎలుగుబంటికి స్థిరపడింది. 2015లో బెర్రా మరణించినప్పుడు అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పొరపాటున యోగి బేర్ మరణించినట్లు రాసి, తర్వాత సవరించుకున్నది.

బుట్టల దొంగతనం కూడా గాలిలోంచి పుట్టిన కల్పన కాదు. యోగి నివసించే జెల్లీస్టోన్ పార్కు, 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ జాతీయవనానికి పేరడీ. అక్కడ దశాబ్దాలపాటు ఎలుగులు రోడ్ల పక్కన కార్లను ఆపి తిండి అడుక్కునేవి. హోటళ్లు పారబోసిన చెత్తను అవి తింటుంటే, బల్లలపై కూర్చుని చూసే ఏర్పాటు కూడా ఒకప్పుడు ఉండేది. ఈ వినోదానికి మూల్యంగా 1931 నుంచి 1969 వరకు ఏటా సగటున దాదాపు 50 మంది గాయపడ్డారు. 1970 నాటికి ఆ చెత్తకుప్పలను మూసివేసి, జంతువులకు తిండి పెట్టడాన్ని గట్టిగా అరికట్టారు. తెరపై రేంజర్ స్మిత్ తిండి పెట్టవద్దని సందర్శకులను బతిమాలడం ఆనాటి ప్రేక్షకులకు తాము సెలవుల్లో కళ్లారా చూసిన దృశ్యమే.

చిన్న అంకంలో పుట్టిన యోగి, కార్యక్రమానికి పేరిచ్చిన కుక్కను వెనక్కు నెట్టి, 1961 జనవరి 30న స్వంత కార్యక్రమంలోకి మారాడు. ఖాళీ అయిన చోటికి హోకీ ఉల్ఫ్ అనే తోడేలు వచ్చింది. 1964లో పూర్తి నిడివి చిత్రం కూడా వెలువడింది. హకుల్‌బెరీ షో విజయం తెచ్చిన డబ్బుతోనూ ధైర్యంతోనూ సంస్థ 1960లో ‘ది ఫ్లింట్‌స్టోన్స్’ను, 1961లో ‘టాప్ క్యాట్’ను పెద్దలు చూసే రాత్రి సమయాలకు చేర్చింది.

1991లో టెడ్ టర్నర్ సంస్థ హన్నా బార్బెరా స్టూడియోనూ దాని కార్టూన్లన్నిటినీ కొన్నది. రోజంతా కార్టూన్లే వేసే చానల్ నడపాలంటే ముందుగా కావలసింది వేలకొద్దీ నిమిషాల సరుకు. అది చేతిలో ఉండటం వల్లనే 1992 అక్టోబరులో కార్టూన్ నెట్‌వర్క్ మొదలుకాగలిగింది. 1995లో ఆ చానల్ భారతదేశానికి, కేబుల్ తీగల వెంట తెలుగు ఇళ్లకూ వచ్చింది; పగలు కార్టూన్లు, రాత్రి అదే చానల్‌లో పాత ఆంగ్ల చిత్రాలు. అప్పట్లో అందులోని మాటలన్నీ ఇంగ్లీషే. గొంతు మీద బతికిన యోగి ఆ ఇంగ్లీషు తెలియని పిల్లలకు బుట్ట ఎత్తుకుపోయే ఎలుగుబంటిగా మాత్రమే కనిపించాడు. అదే చానల్‌లో, అదే ఇద్దరు మనుషులు అంతకు ఎన్నో ఏళ్ల ముందు, బొమ్మకు బొమ్మ ఖర్చుపెట్టి తీసిన పిల్లీ ఎలుకలు ఏ మాటా అక్కర లేకుండానే ఇంటింటివీ అయిపోయాయి.