క్లిల్

యూరప్ బడుల్లో బాగా వాడుకలో ఉన్న మాట ‘క్లిల్’. ‘కంటెంట్ అండ్ లాంగ్వేజ్ ఇంటిగ్రేటెడ్ లెర్నింగ్’లోని ముఖ్యమైన నాలుగు పదాల తొలి అక్షరాలు కలిపి అల్లిన పొడిమాట ఇది. 1994లో ఫిన్లాండ్‌లోని యువాస్కులా విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మార్ష్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. పాఠాన్నీ పరాయిభాషనూ ఒకే పీరియడులో కలిపి నేర్పడమని అర్థం.

పద్ధతి మాత్రం పేరుకన్నా పాతది. 1965లో కెనడాలోని సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి, తమ పిల్లలకు ఫ్రెంచిలో చదువు మొదలుపెట్టించారు. దాన్ని ‘ఇమ్మర్షన్’ అన్నారు, అంటే భాషలో మునగడం.

క్లిల్ తరగతిలో మునగడంతో పాటు ఊతం కూడా ఉంటుంది. నీరు ఆవిరవడం పాఠమే తీసుకోండి. రెండు పళ్లాల్లో నీళ్లు పోసి ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెడతారు. బోర్డు మీద ‘ఐ థింక్... బికాజ్...’ అని సగం వాక్యం రాస్తారు. ఖాళీలు నింపుతూ పిల్లలు కారణం చెప్పడమూ నేర్చుకుంటారు, ఆ భాషలో వాక్యం కట్టడమూ నేర్చుకుంటారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సర్కారు బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు వచ్చాయి. మంచి పనే. కానీ మీడియం మార్చినంత మాత్రాన క్లిల్ కాదు. సైన్సు చెప్పే టీచరుకు భాష నేర్పే శిక్షణ కూడా ఇవ్వాలి. పిల్లలు ముందు తెలుగులో ఆలోచించుకునే వ్యవధి ఉండాలి. అప్పుడే పాఠమూ, భాషా రెండూ వస్తాయి.