డెట్రాయిట్ విద్యుచ్ఛకటము

విద్యుత్తుతో నడచు కారు నేటి కల్పనయని తలచువారు కలరు గాని, 1897 నాటికే న్యూయార్కు వీథులలో విద్యుత్ టాక్సీలు తిరుగుచుండెను. బ్యాటరీ శక్తి సన్నగిల్లినంతనే బండిని శాలకు కొనిపోయి, ఆ బరువైన పెట్టెను యంత్రసాయమున తొలగించి, నిండినదానిని అమర్చి పంపుచుండిరి.

1907లో వెలువడిన డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారులో స్టీరింగు చక్రమునకు మారుగా పడవ చుక్కాని పిడివంటి దండమును, చుట్టును గాజుపలకలును, పూలుంచుటకు చిన్నపాత్రయు నుండెడివి. పెట్రోలు బండిని చేతికడ్డీతో త్రిప్పునపుడు అది వెనుకకు తన్ని మణికట్టు విరుగునను భయము గాని, పొగ గాని, చప్పుడు గాని ఇందులేనందున, హెన్రీ ఫోర్డు భార్య క్లారా సయితము దీనినే నడిపెను. ఒక్క చార్జింగుతో 80 మైళ్లు పోవునని కంపెనీ ప్రకటించెను. అయినను గ్రామములకు విద్యుత్తే చేరని ఆ కాలమున ఊరు దాటగోరు చోదకునకు ఆ దూరము చాలలేదు.

1912లో ఇంజనీరు కెటరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కారులో చేరగా చేతికడ్డీ బాధయు తొలగెను. పెట్రోలు కారును గెలిపించిన ఆ సాధనమును నడిపినదియు బ్యాటరీయే యగుట ఎంత విచిత్రము! 1939 నాటికి డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కార్ల నిర్మాణము ఆగిపోయెను.

దూరము, శీఘ్రముగా నిండు బ్యాటరీ, దారిపొడవున చార్జింగు కేంద్రములు: నేటి చోదకులు రాబోవు కార్లనుండి కోరునవి ఇవియే. నాటి బండ్లను ఊరిలోనే బంధించినది మూడవదాని లేమియే గావున, మొదట తీరవలసినది అదియేనని నా దృఢవిశ్వాసము.