ఖాళీ గది, కొత్త చట్టాలు: హడ్సన్ నదికి అటూ ఇటూ

ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు ఆరు నెలలుండి తిరిగి వెళ్ళాక, మనలో చాలామంది ఇళ్ళలో ఒక గది ఖాళీగా పడి ఉంటుంది. దాన్ని ఎయిర్‌బిఎన్‌బిలో పెడితే ఇంటి అప్పు వాయిదాకి కాస్త సాయమవుతుంది కదా అనిపించడం సహజం. మరి మన ఇంట్లో మన గదిని రోజుల లెక్కన అద్దెకివ్వడానికి అడ్డేమిటి? ఈ వారం ఆ చరిత్ర చెప్పుకుందాం.

న్యూయార్క్ రాష్ట్రం 1929లో 'మల్టిపుల్ డ్వెల్లింగ్ లా' అనే చట్టం తెచ్చింది. మూడు, అంతకు మించి కుటుంబాలుండే భవనాలను రెండు తరగతులుగా విడదీసింది. స్థిరంగా కాపురముండేవి 'ఎ' తరగతి. హోటళ్ళు, లాడ్జీల వంటివి 'బి' తరగతి. నిప్పంటుకుంటే మెట్లెటున్నాయో కాపురమున్నవారికి తెలుస్తుంది, నిన్న రాత్రి దిగినవారికి తెలియదు. అందుకే హోటళ్ళకు నిబంధనలు ఎక్కువ.

2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అద్దె కట్టలేక ఇబ్బంది పడుతున్న ఇద్దరు స్నేహితులు, తమ గదిలో గాలి పరుపులు వేసి అతిథులను పెట్టుకున్నారు. 2008లో అదే కంపెనీ అయింది. ఈలోగా న్యూయార్క్‌లో కొందరు యజమానులు అపార్ట్‌మెంట్లను లోపాయికారీగా హోటళ్ళు చేసేస్తున్నారు. అద్దెకుండేవారికి ఇళ్ళు తగ్గిపోతున్నాయన్న ఫిర్యాదులు పెరిగాయి. 2010లో చట్టాన్ని బిగించారు. 'ఎ' తరగతి భవనాల్లో, ఇంటివాళ్ళు అక్కడే ఉంటే తప్ప, 30 రోజులకు తక్కువగా అద్దెకివ్వకూడదన్నారు. అలాంటి ప్రకటన ఇచ్చినా 7,500 డాలర్ల దాకా జరిమానా అని 2016లో మరో చట్టం వచ్చింది.

అసలు దెబ్బ 2022 నాటి 'లోకల్ లా 18'. ఇది 2023 సెప్టెంబరులో అమలుకొచ్చింది. ఇంటివారు నగరంలో నమోదు చేసుకోవాలి, అతిథులున్నన్నాళ్ళూ అదే ఇంట్లో ఉండాలి. ఇద్దరికి మించి అతిథులు కూడదు. లోపలి గదులకు తాళాలు వేయకూడదు. నమోదు లేని ఇంటికి వెబ్‌సైట్లు బుకింగ్ తీసుకోకూడదు. క్వీన్స్‌లో రెండు వాటాల ఇల్లు కొని, పైన తామున్నవారు కూడా కింది వాటాను నాలుగు రోజులకు ఇవ్వలేరు. అది వేరే వాటా కిందే లెక్క.

నదికి ఇవతల జెర్సీ సిటీ కథ వేరు. 2015లో హోటల్ పన్ను వేసి మరీ స్వాగతించిన ఊరు, 2019 నవంబరులో ప్రజల ఓటుతో పగ్గాలు బిగించింది. దాదాపు 70 శాతం మంది కట్టుదిట్టానికే ఓటేశారు. అద్దెకున్నవారు అతిథులను పెట్టుకోకూడదు. యజమాని అక్కడ లేకుంటే ఏడాదికి 60 రాత్రులే.

పది అపార్ట్‌మెంట్లతో వ్యాపారం చేసేవారిని ఆపాలంటే ఎవరూ కాదనరు. కానీ అదే వలలో, ఒక్క వాటాతో అప్పు తీర్చుకునే కుటుంబమూ చిక్కింది. అలాగని, రోజుకో కొత్త మొహం మెట్లెక్కుతుంటే పిల్లలతో పక్క వాటాలో ఉన్నవారి బెంగనూ కొట్టిపారేయలేం.

చుట్టాలు డబ్బివ్వకుండా వచ్చి ఉంటే ఈ చట్టాలకు పని లేదు. డబ్బు తీసుకునే ముందు మాత్రం మీ ఊరి నిబంధనలు, హోమ్ ఓనర్స్ అసోసియేషన్ కాగితాలు, ఇంటి ఇన్సూరెన్సు మూడూ చదవండి. వీసా మీద ఉన్నవారు లాయరునీ ఒకమాట అడగండి. సెలవు.