‘నడుమ’ మనదే

కొన్నేండ్ల క్రితం ఆరవ తరగతి విద్యార్థి ఒకడు తన కుటుంబాన్ని గురించి వ్యాసం రాస్తూ ‘మా నడిపి మామ’ అని రాశాడు. మాది తమిళ, కన్నడ సీమలు కలిసే హోసూరు ప్రాంతం. పొరుగు భాషల ‘నడు’ పిల్లవాని తెలుగులో చొరబడిందని తలచి, ఎర్రసిరాతో కొట్టివేసి ‘రెండవ మామ’ అని దిద్దాను. మరునాడు వాని అవ్వ బడికి వచ్చింది. “అయివారూ, నాకు కొడుకులు ముగ్గురు. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. రెండోవాడంటే ఇంకా ఎందరున్నారో తెలియదు. నడిపోడంటే అటొకడు, ఇటొకడు ఉన్నారని తెలుస్తుంది కదా!” అన్నది. నా వద్ద సమాధానం లేకపోయింది.

ఆ సమాధానం మన భాషాచరిత్రలోనే ఉన్నది. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ దొర ఒక పీఠిక రాశాడు. తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన నిలిపి, ఈ భాషలు సంస్కృతజన్యాలు కావనీ, ఒకే మూలానికి చెందినవనీ అందులో చూపాడు. ‘నడు’ అటువంటి ఉమ్మడి ఆస్తి. తమిళులకు ‘నడువే’, కన్నడిగులకు ‘నడువె’, మనకు ‘నడుమ’. అన్నదమ్ములు పంచుకొన్న సొత్తును అప్పు అనరాదు.

శ్రీపెరుంబుదూరులో జన్మించి, మద్రాసులో తెలుగు బోధించిన పరవస్తు చిన్నయసూరి తన బాలవ్యాకరణంలో (1858) ఈ మాటకు రెండు చోట్ల స్థానం కల్పించాడు. నడు, ఇల్లు కలిసి ‘నట్టిల్లు’ అవుతుంది. నడుమ, నడుమ కలిసి ‘నట్టనడుమ’ అవుతుంది. మనం పరీక్షల కొరకు వల్లె వేయించే ద్విరుక్తటకార సంధి ఇదే. సంధిపాఠంలో నేర్పిన మాటనే వ్యాసంలో కొట్టివేశానన్నమాట!

సంస్కృతం నుండి వచ్చిన ‘మధ్య’కు తన పని తనకు ఉన్నది. మధ్యాహ్నం, మధ్యవర్తి, మధ్యమ పురుష వంటి పదాలను అది మనకు ఇచ్చింది. శాస్త్రానికీ, కొలతకూ అది చక్కగా అమరుతుంది. కాని ‘నట్టేట ముంచాడు’ అన్నప్పుడు ఏటి కొలత కాదు ముఖ్యం. అటు ఒడ్డూ ఇటు ఒడ్డూ అందని దురవస్థ. నట్టడవి, నడిసంద్రం, నడివీధి పాలు కావడం, అన్నిటిలో ఆ దిక్కులేనితనమే ధ్వనిస్తుంది. అదే మాట ఇంటిలోనికి వస్తే ‘నట్టిల్లు’. అక్కడ భయం లేదు, భద్రత ఉన్నది. దేహంలో ‘నడుము’ అవుతుంది. కార్యానికి పూనుకొంటే దానినే బిగిస్తాము. వీటిలో ‘మధ్య’ను పెట్టి చూడండి, అర్థం మిగిలినా ప్రాణం పోతుంది. ‘ఈ మధ్య’ అన్న చోట ‘ఈ నడుమ’ అనేవారు కూడా తెలుగువారే. అది తప్పు కాదు, ప్రాంతభేదం మాత్రమే.

పొరుగువారు ఈ ధాతువును నేటికీ పనిలో పెడుతున్నారు. తీర్పరిని తమిళులు ‘నడువర్’ అంటారు. తమ భాష మధ్యదశకు కన్నడ పండితులు ‘నడుగన్నడ’ అని పేరు పెట్టుకొన్నారు. మనమో, గ్రంథరచనలో ‘మధ్య’కే పెద్దపీట వేసి, ‘నడుమ’ను పల్లెమాటగా చూడసాగాము.

తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటవ తరగతి నుండి ఏటేటా తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. అందువలన మా పిల్లలు తమిళ వాచకంలో ‘నడు’ను గౌరవంగా చదువుతారు. తెలుగు తరగతిలో అదే మాటను ఉపాధ్యాయుడు కొట్టివేస్తే, తమ ఇంటి తెలుగు తెలుగే కాదని వారు అనుకోరా? అవ్వతో మాట్లాడే భాషకు బడిలో చోటు లేదని తలచిన పిల్లవాడు రెంటినీ విడిచిపెడతాడు.

ఆనాడే ఆ నోటుపుస్తకం తిరిగి అడిగి, నా దిద్దుబాటును కొట్టివేశాను. ‘నడిపి మామ’ పక్కన సరియైన గుర్తు పెట్టాను. తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే: ఎర్రసిరా కలం ఎత్తే ముందు, ఆ మాట పిల్లవాని నట్టింటిలో ఎన్ని తరాలుగా ఉన్నదో ఒక్కసారి విచారించండి.