ముద్రయు రహదారియు: బర్మా ప్రవేశపత్రముల చరిత్ర

పరదేశమునకుఁ బోవువాఁడు వెంట నుంచుకొనవలసిన యనుమతులు రెండు. తన ప్రభుత్వ మిచ్చునది యొకటి. దానిని పాస్‌పోర్టు అందురు. పోవలసిన దేశపుఁ బ్రభుత్వము దానిపై వేయు నంగీకారముద్ర రెండవది. దానిని వీసా యందురు. ఈ రెండును పాశ్చాత్యులు కల్పించిన నూతనాచారము లనియు, మన పూర్వులు వీని నెఱుఁగరనియుఁ బలువురు తలంచుచున్నారు. ఈ తలంపు సగము మాత్రమే సత్యము. పత్రము మనకుఁ గ్రొత్త కాదు. దాని యుద్దేశము మాఱినది. ఆ మార్పు తెలుఁగువారియెడల నెట్లు పరిణమించెనో బర్మాదేశ చరిత్రవలన స్పష్టముగాఁ దెలియును. ఈ వ్యాసమున నా విషయమును గ్రమముగా నిరూపింప యత్నించెదను.

1. ముద్ర

కౌటిలీయార్థశాస్త్రమును ఆర్. శామశాస్త్రిగారు మైసూరున 1905 లోఁ గనుఁగొని 1909 లోఁ బ్రకటించిరి. గ్రంథకాలమును గుఱించి పండితులలో వివాదము కలదు గాని, ప్రకృతవిషయమునకు దానితోఁ బని లేదు. అందు రెండవ యధికరణమున ముద్రాధ్యక్షుఁ డను నధికారి పేర్కొనఁబడినాఁడు. జనపదమును బ్రవేశించుటకుఁ గాని విడిచిపోవుటకుఁ గాని యీతని ముద్ర కావలయును. దాని వెల యొక మాషకము. ముద్ర లేక తిరుగు స్వదేశీయునకుఁ దండనము 12 పణములు. మాషకము పణమునఁ బదునాఱవ వంతుగా నెన్నఁబడుటచేత ఈ దండనము వెలకు 192 రెట్లగుచున్నది. కూటముద్రను, అనఁగా దొంగముద్రను, చూపిన స్వదేశీయునకుఁ బూర్వసాహసదండము; పరదేశీయున కుత్తమసాహసదండము. పూర్వసాహసము 48 మొదలు 96 పణములవఱకును, ఉత్తమసాహసము 500 మొదలు 1000 పణములవఱకును ఆ గ్రంథమందే నిర్ణయింపఁబడినవి. ముద్రలను బరీక్షించు భారము వివీతాధ్యక్షునిది, అనఁగాఁ బచ్చికబయళ్లపై నధికారిది. ఊరికి నూరికి నడుమ నున్న నిర్జనప్రదేశమే దొంగలకును వేగులవారికిని దారి యగుటచే నీ యేర్పాటు యుక్తముగ నున్నది.

ఇచ్చట శబ్దవిషయ మొకటి గమనింపఁదగినది. ముద్ర గలవానిని కౌటిల్యుఁడు సముద్రుఁ డనియు, లేనివాని నముద్రుఁ డనియు వ్యవహరించినాఁడు. ముద్రతోఁ గూడ నున్నవాఁ డను నర్థమున బహువ్రీహి చేసి, సహశబ్దమునకు ‘స’ యను నాదేశమును దెచ్చినచో నీ పదము సిద్ధించును. జలధివాచకమైన సముద్రశబ్దపు వ్యుత్పత్తి వేఱు. విద్యార్థులు రెంటిని గలిపివేయరాదు. నా శిష్యుఁ డొకఁడు, సముద్రుఁడు జనపదమును బ్రవేశించునను విషయము వచ్చినపుడు, వఱద వచ్చునని యర్థము చెప్పెను. నవ్విన తరువాత నాకుఁ దోఁచిన దేమనఁగా, ముద్రకును సముద్రమునకును శబ్దసంబంధము లేకున్నను, తెలుఁగు కూలివాని బ్రతుకులో నీ రెండును గలిసియే యున్నవి. ఆ మాట ముందు తెలియఁగలదు.

నావధ్యక్షప్రకరణమున మఱికొన్ని విశేషములు కలవు. పరదేశపు వర్తకులలో నిదివఱకుఁ బ్రవేశము పొందినవారును, సార్థమువారు ప్రమాణముగాఁ జెప్పినవారును లోపలికి రావచ్చును. బ్రాహ్మణులు, సన్న్యాసులు, బాలురు, వృద్ధులు, రోగులు, రాజశాసనము గొనిపోవువారు, గర్భిణులు నావధ్యక్షుని ముద్రతో నదిని దాఁటవచ్చును. దూరప్రయాణము చేయు ముద్రలేనివానిని బట్టుకొనవలయును. పెనుగాలికిఁ జిక్కి వచ్చిన యోడను మాత్రము తండ్రివలె ననుగ్రహింపవలయును; నీట నానిన సరకుపై సుంకము విడువవలయును, లేదా సగము గొనవలయును. శంకయు దయయు నొకే ప్రకరణమునఁ బ్రక్కప్రక్కల నున్నవి.

2. అభయశాసనము

ఈ దయాభాగమునకు మన యాంధ్రదేశమునఁ బ్రత్యక్షసాక్ష్యము కలదు. మోటుపల్లిలోని కాకతీయ గణపతిదేవుని శాసనము శకవర్షము 1166 నాఁటిది, అనఁగా క్రీ.శ. 1244-45. ఒక దేశమునుండి మఱియొక దేశమునకుఁ బోవుచు గాలివానకుఁ జిక్కి దరిఁజేరిన యోడలలోని బంగారమును, ఏనుఁగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలాత్కారముగా హరించెడివారనియు, తాను దయచేతను, కీర్తికిని ధర్మమునకును, నియతమైన సుంకముదక్క మఱేమియుఁ గొననని యా రాజు సముద్రవర్తకులకు నభయ మిచ్చినాఁడు. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకటిగా నేర్పడెను. పిమ్మట శకవర్షము 1280 లో, అనఁగా క్రీ.శ. 1358 లో, రెడ్డిరాజగు అనపోతుఁ డచ్చటి వర్తకులకు మరల నభయ మిచ్చెను.

ఇది ప్రవేశపత్రమే యని నా యభిప్రాయము. కాని దీని స్వభావము విపరీతము. నేఁటి పత్రమును వచ్చువాఁడు చూపవలయును. మోటుపల్లి పత్రమును రాజే ఱాతిపైఁ జెక్కించి వచ్చువానికిఁ జూపినాఁడు. నేఁడు బాగోగులకుఁ బూచీపడువాఁడు ప్రయాణికుఁడు. నాఁడు పూచీపడినవాఁడు రాజు.

3. రహదారి

తురుష్కప్రభుత్వకాలమున రహదారి యను పారసీకపదము మనకు వచ్చినది. రాహ మనఁగా మార్గము. రాహదారుఁ డనఁగా మార్గమును గాచువాఁడు. వాని పని రహదారి. క్రమముగా నీ పదము మార్గమునఁ గొను సుంకమునకును, సుంకము ముట్టినదని యిచ్చు చీటికిని జెల్లినది. నేఁటి తెలుఁగున రహదారి యనఁగా రాజమార్గమే. కావలి పోయి, చీటి పోయి, దారి మాత్రము మిగిలినది. శబ్దమున నిట్లు చీటి నశించి దారి నిలువఁగా, లోకమునఁ దద్విపరీతము జరిగినది.

1914 లో ఐరోపాయుద్ధ మారంభమగువఱకు బహుదేశములలోఁ బాస్‌పోర్టు లేకయే ప్రయాణము సాగెడిది. యుద్ధకాలమున శత్రువుల వేగులవారి భయముచే దేశదేశములును పత్రము నడుగఁజొచ్చినవి. హిందూదేశమున 1915 నాఁటి రక్షణశాసనముక్రింద నిబంధనలు పుట్టెను. యుద్ధము ముగిసినను నిబంధన ముగియలేదు. 1920 లోఁ బాస్‌పోర్టు చట్టము వచ్చి దానిని స్థిరపఱచెను.

4. కోరంగివారు

బర్మాకుఁ బోవు తెలుఁగువాని కీ చట్టముతోఁ బనిలేకుండెను. ఆంగ్లేయులు బర్మాను 1826, 1852, 1885 సంవత్సరముల యుద్ధములచే మూఁడు విడతలుగా జయించి, 1886 లో హిందూదేశమున నొక రాష్ట్రముగాఁ జేర్చిరి. కావున విశాఖపట్టణమునుండి రంగూనునకుఁ బోవుట మద్రాసునకుఁ బోవుటవంటిదే. కూలీల వలసను గట్టడిచేసిన 1922 నాఁటి చట్టమును విదేశములకే గాని బర్మాకు వర్తింపలేదు. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములవారు కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము మొదలగు రేవులలోఁ బొగయోడ నెక్కి, పై తట్టున నెండకు వానకు నోర్చి రంగూను చేరెడివారు. వరికోఁతలకుఁ బోయి, మిల్లులలోను రేవులోను పనిచేసి, కొంతకాలమునకు మరలి వచ్చెడివారు. మన మండలములలో రంగూనునకు రంగమని పేరు. గోదావరీముఖమున నున్న కోరంగి రేవు పేరనే బర్మీయులు తెలుఁగువారిని కోరంగీ లనిరి. ఒక రేవు పేరు జాతి పేరై, పిమ్మటఁ దిట్టుమాట యయ్యెను.

ఇచ్చట మనవారి నొకమాట నడుగక తప్పదు. సముద్రయానము కలివర్జ్యమా కాదా యని పండితులము వాదించుకొనుచున్న కాలమున, వేలకొలఁది శ్రామికులు సముద్రమును దాఁటి దాఁటి వచ్చుచుండిరి. వారి ప్రాయశ్చిత్తమును గుఱించి గ్రంథములు వ్రాసితిమి గాని, వారి కూలిని గుఱించి యెవ్వరమును వ్రాయలేదు. మేస్త్రీ బయానా యిచ్చి కూలివానిని ఋణబద్ధుని జేసి కొనిపోవుచుండెను. ఆ ఋణపత్రమొక్కటే నాఁడు వానికి ముద్ర.

1931 జనాభాలెక్కలో బర్మాలోని భారతీయులు పదిలక్షలకుఁ బైఁబడిరి; రంగూను నగరమున సగమునకు మించిరి. బర్మీయుల బాధ యబద్ధము కాదు. 1930 తరువాత ధాన్యపు ధర పడిపోవుటచేఁ గర్షకుల భూములు విస్తారముగా ఋణదాతలగు చెట్టియార్ల వశమయ్యెను. కాని కోపము తగిలినది భూమిని గొన్నవానికంటె మూటలు మోసినవానికే. 1930 మే నెలలో రంగూను రేవునఁ దెలుఁగుకూలీలు సమ్మె చేయఁగా, వారి స్థానమున బర్మీయులను బెట్టిరి. సమ్మె తీఱి పాతవారు రాఁగాఁ గ్రొత్తవారిని దీసివేసిరి. తన్మూలముగఁ గలిగిన కలహమునఁ బలువురు తెలుఁగువారు మడిసిరి. 1938 లో మరల నల్లరులు జరిగెను.

5. 1941 నాఁటి యొడంబడిక

1937 ఏప్రిలు 1 వ తేదిని బర్మా హిందూదేశమునుండి వేఱుపడెను. నాఁటినుండి రంగము పరదేశము. వలసను విచారించుటకు 1939 లో జేమ్సు బాక్‌స్టరు నియుక్తుఁడయ్యెను. భారతీయులు బర్మీయుల పనులను లాగికొని రను నపవాదమునకు ఆయన నివేదికలో గట్టి యాధారము కనఁబడలేదు. ఉభయప్రభుత్వములు సమ్మతితోఁ గట్టడి చేయవలెనని మాత్రము సూచన కలదు. 1941 జూన్ నెలలో హిందూదేశపక్షమున గిరిజాశంకర బాజపేయియు, బర్మా ప్రధాని ఊ సా యును ఒడంబడిక చేసికొనిరి.

దాని సారాంశ మిది. బర్మాకుఁ బోవు భారతీయునకు వీసాతోఁ గూడిన పాస్‌పోర్టు గాని, వలస యనుమతిపత్రము గాని యుండవలెను. అనుమతిపత్రములు రెండు తెగలు: మొదటిది కాలనియమము లేనిది, రెండవది మూఁడేండ్లకు మించనిది. పత్రముల సంఖ్యను నిర్ణయించు నధికారము బర్మా ప్రభుత్వమునది. అదివఱకే యచ్చట నున్నవారిలో, 1941 జూలై 15 కు ముందటి తొమ్మిదేండ్లలో నేడేండ్లు నివసించినట్లు నిరూపించినవారికి విశేషస్థానము.

ఈ కడపటి నియమమును బాగుగాఁ బరిశీలింపవలెను. నివసించినట్లు నిరూపించుట యెవ్వరికి సాధ్యము? ఇల్లు గలవానికిని, దుకాణపు లెక్కలు గలవానికిని, జీతపుఁ బట్టీ గలవానికిని. ఏటేటఁ గోఁతలకుఁ బోయి మరలి వచ్చువాఁడు, మేస్త్రీ బారకులో నిరువదిమందితోఁ బండుకొనువాఁడు, చదువురానివాఁడు ఏ పత్రము చూపఁగలఁడు? కౌటిల్యుఁడు సార్థమువారి మాటను బ్రమాణముగాఁ గొన్నాఁడు. ఇందుఁ గాగితమే ప్రమాణము. గాంధీమహాత్ముఁడు 1941 ఆగస్టులో నీ యొడంబడికను ఖండించెను.

ఒడంబడిక పూర్తిగా నమలులోనికి రాకమునుపే జపానుయుద్ధము వచ్చెను. 1941 డిసెంబరు 23 న రంగూనుపై బాంబులు పడినవి. నాలుగైదు లక్షలమంది భారతీయులు అరకానుకొండలమీఁదుగాను, మణిపురము త్రోవనుగూడ స్వదేశమునకుఁ గాలినడకను బయలుదేఱిరి. ఆఁకలిచేతను రోగములచేతను దారిలో వేలకొలఁది మరణించిరి. యుద్ధానంతరమున 1947 లో బర్మా వలసచట్టము వచ్చి, వీసా గాని యనుమతి గాని లేక పరదేశీయుఁడు రాఁగూడదని శాసించెను. ప్రాణభయముచేఁ బాఱివచ్చినవారిలోఁ దమ యిండ్లకు మరలఁ బోఁదలఁచినవారికిని నిది యడ్డమయ్యెను. 1948 జనవరి 4 న బర్మా స్వతంత్రమయ్యెను. 1962 లో సైనికప్రభుత్వము వచ్చి, పిమ్మట వర్తకమును జాతీయము చేయుటచే శేషించినవారిలోఁ బెక్కండ్రు వెడలివచ్చిరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేట నేఁటికిని వారి జ్ఞాపకమును నిలుపుచున్నది.

6. సిద్ధాంతము

ఇచ్చట నొక పూర్వపక్షము రాఁగలదు. కౌటిల్యుని ముద్రయు వేగులవారిని బట్టుటకే గదా, అది దయయని యెట్లు చెప్పనగును? అందుకు సమాధానము: అది దయ యని నే ననలేదు. ముద్రలో శంక యున్నది, నిజమే. కాని యా శంకకుఁ దోడుగా మూఁడు ధర్మము లుండెను. వెల స్వల్పము, నియతము. మనుష్యుని మాట ప్రమాణము. ఆపదలో నున్నవానికి మినహాయింపు. ఏ దేశపుఁ బ్రవేశనియమము నైనను ఈ మూఁడింటితోఁ బరీక్షింపవచ్చును. 1941 నాఁటి యొడంబడికలో రెండవది లేదు. 1947 నాఁటి చట్టమున మూఁడవదియు లోపించెను.

మన దేశముకూడ నీ పరీక్షకు వెలుపలిది కాదు. పరదేశప్రయాణము వ్యక్తిస్వాతంత్ర్యమున భాగమని సర్వోన్నతన్యాయస్థానము 1967 లోఁ దీర్పు చెప్పిన పిదపనే పాస్‌పోర్టులకు సమగ్రమైన చట్టము పుట్టెను. 1920 నాఁటి ప్రవేశచట్టము 2025 లోఁ గ్రొత్తచట్టముచే రద్దయినది. ప్రతిదేశమునకును దన వాకిటఁ గావలి యుంచుకొను హక్కు కలదు. దానిని గాదనువాఁ డెవ్వఁడును లేఁడు. వాకిట నిలిచినవాఁడు గాలివానకుఁ జిక్కి వచ్చినవాఁడా కాఁడా యని కావలివాఁ డడుగవలెనని మాత్రమే మోటుపల్లి ఱాయి చెప్పుచున్నది.

రంగమునుండి నడచి వచ్చినవారిని గన్నులార నెఱిఁగినవారు మన మండలములలో నిపు డరుదు. వారి బిడ్డలు, మనుమలు కలరు. వారి పెట్టెలలోని పాతచీటీలను, ఉత్తరములను, మేస్త్రీపత్రములను శాసనములవలె సంపాదించి భద్రపఱచుట మనవంటి పరిషత్తుల కర్తవ్యము. ఱాతిశాసనములకై యూరూరఁ దిరిగిన పండితులు ఈ కాగితములకై రెండు వీధులు తిరుగుదురు గాక.