యుద్ధపు లారీ - వెనుక కమాను

రెండవ ప్రపంచయుద్ధమును గూర్చిన చరిత్రగ్రంథములు తరచుగా సంధిపత్రములతో ముగియును. ఆ యుద్ధమును వీపున మోసిన బండ్లు పిమ్మట నేమయ్యెనో చెప్పు గ్రంథములు అరుదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన కాకినాడపై జపానువారి బాంబులు పడినప్పుడు మన గోదావరిసీమకును యుద్ధము తగిలినది. అది ముగిసిన వెనుక దేశమున మిగిలినది డిస్పోజల్సు లారీ.

1946లో భారతప్రభుత్వమునకును అమెరికాకును ఒడంబడిక కుదిరి, ఇచట మిగిలిన అమెరికా సేనాసామగ్రి మన ప్రభుత్వము వశమయ్యెను. అట్టి మిగులు లారీలు విక్రయింపబడి సామానులు మోయు బండ్లయ్యెను. వానిలో పేరుగన్నది జి.ఎం.సి. ఆరుచక్రముల లారీ. ఇట్టివి అమెరికాలో అయిదు లక్షలకు పైగా తయారైనవి. బాట లేని నేలపై రెండున్నర టన్నులు మోయుటకు దానిని నిర్మించిరి. ముందు ఇరుసునుండి వెనుక జంట యిరుసుల నడిమికి పొడవురకమున 164 అంగుళములు, పొట్టిరకమున 145 అంగుళములు.

శాంతికాలపు బాటలకు ఇంత బండి యక్కఱలేదని పలుదేశములలో దీనిని కుదించిరి. కారణము మనకు సులభముగ బోధపడును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములకు కాలువలే రాజమార్గములు. బాటలు పెక్కుచోట్ల కాలువగట్లే. గట్టుపై మలుపు తిరుగుటకును, రేవున పంటు నెక్కుటకును బండి యెంత పొట్టియైన నంత సుకరము.

అయితే చట్రమును కోసి అతికి, ఒక యిరుసును తీసివేసిన చాలునా? చాలదు. ఆ లారీ వెనుక కమాను మన బస్సు కమాను వంటిది కాదు. మామూలు బండిలో కమాను రెండు కొనలు చట్రమునకును, నడుము ఇరుసునకును కట్టబడియుండును. జి.ఎం.సి.లో కమాను నడుము చట్రముక్రింది కడ్డీపై త్రాసుకోలవలె ఊగును; ఒక్కొక్క కొన ఒక్కొక్క యిరుసుపై ఆనును. ఒక చక్రము గుంటలో దిగినప్పుడు రెండవది బరువు పంచుకొనుటకే యీ యేర్పాటు. ఒక యిరుసును తీసినచో ఒక తట్ట తీసిన త్రాసువలె ఆ కమాను ఒరిగిపోవును. కనుక చట్రమునకు క్రొత్త కొక్కెములు తాపించి, కమాను ముందుకొనను కదలకుండ బిగించి, బరువు పడినపుడు కమాను సాగును గావున వెనుకకొనను షాకిలు అను ఊగెడి లంకెకు తగిలింపవలెను. ఇరుసు మెలి తిరుగకుండ లోగడ ప్రత్యేకపు కడ్డీలు పట్టియుంచెడివి. ఇపుడా శ్రమయు కమానుదే.

పట్టీల లెక్కయు మారవలెను. రెండిరుసుల బరువునకు కూర్చిన కట్ట ఒక యిరుసునకు మిక్కిలి బిరుసు. ఖాళీబండి ఎగిరెగిరిపడును, బ్రేకు పట్టు తప్పును, చట్రము బీటలువారును. పట్టీలను మితిమీరి తీసినచో నిండుబరువునకు కట్ట విఱుగును. పొట్టిచేసిన బండిపై పాతపొడవు పెట్టెనే నిలిపినచో బరువు వెనుకకు తూగి ముందుచక్రములు తేలికపడును. చుక్కాని మాట వినదు. కాలువగట్టుపై దాని ఫలమేమో శ్రోతలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. మన యెడ్లబండి తోలువాడు ఆ తూగు నెరుగును. వెనుక బరువు హెచ్చినచో కాడి లేచి యెద్దుల కంఠములు బిగియును. అందుచే నతడు బస్తాలను ఇరుసునకు కొంచెము ముందునకు సర్దును.

నేను వ్యాకరణము చెప్పి బ్రతికినవాడను. వాక్యమునుండి ఒక పదమును తీసినప్పుడు అన్వయమునంతటిని మరల చూచుకొనవలెనని పిల్లలకు నేర్పితిని. కమ్మరియు మిస్త్రీయు సుత్తిచేత నెరిగినది నా కీ సూత్రముగనే తోచుచున్నది. యుద్ధపు బండిని ధాన్యపు బండిగ మార్చినది ఱంపము కాదు; బరువును క్రొత్తగ పంచిన ఆ వివేకము. తప్పినచో ప్రాణములు పోవు పని యది. అట్టి పని చేసిన చేతుల పేళ్లు చరిత్రకెక్కలేదు. ఆ విద్య నెరిగిన వృద్ధులు మీ యూళ్ల కర్మశాలలలో నెవరైన నున్నచో, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసియుంచుడు. అదియు మన దేశచరిత్రయే.